మిల్ రీఫ్ పరుగు ఆగిన యేడాది

గుర్రప్పందాలు అనగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు నొసలు చిట్లిస్తారు. గిండీలోనో మలక్‌పేటలోనో మాగాణి అంతా పోగొట్టుకున్న దూరపు బంధువు ప్రతి కుటుంబంలోనూ ఒకడు ఉంటాడు. ఆయన కథ చెప్పి కుర్రవాళ్ళను భయపెట్టడం ఆనవాయితీ. ఈ దేశం వచ్చాక చూస్తే ఇక్కడివాళ్ళకి అదేమీ సిగ్గుపడే సంగతి కాదు. ఆస్పత్రిలో మంచం మీదున్న ముసలాయన కూడా శనివారం పొద్దున పేపరు తెరిచి ముందు పందాల పేజీయే చూస్తాడు. మత్తు ఇచ్చే ముందు మాటల్లో పెట్టడానికి మా వాళ్ళకి క్రికెట్టు, వాతావరణం తరవాత ఇదే సాధనం. అలా మాటల్లో పడి విన్న ఒక పేరు వెంట వెళ్ళి నేను చదివి తెలుసుకున్న చరిత్ర ఇది. డబ్బు కాసేవాళ్ళ ఊసు ఇందులో ఉండదు. పరుగెత్తే జంతువు ఒంటికి సుస్తీ చేస్తే ఏమవుతుందో, చుట్టూ ఉన్న మనుషులు ఏం చేస్తారో అన్నదే నాకు కావలసిన విషయం.

ఆ గుర్రం పేరు మిల్ రీఫ్. 1968 ఫిబ్రవరి 23న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో పుట్టింది. యజమాని పాల్ మెలన్. ఆయన తండ్రి ఆండ్రూ మెలన్ పెద్ద బ్యాంకరు, ఆ దేశపు ఆర్థికమంత్రిగా పనిచేసినవాడు. కొడుకు మాత్రం బ్యాంకు కంటే బొమ్మలు, పుస్తకాలు, గుర్రాలు ఎక్కువ ఇష్టపడ్డాడు. కేంబ్రిడ్జిలో చదువుకున్నాడు గనక ఇంగ్లండు మీద మమకారం. యేల్ విశ్వవిద్యాలయంలో బ్రిటిష్ చిత్రకళకు ప్రత్యేకంగా ఒక భవనం కట్టించి ఇచ్చింది ఈయనే. అంటిగ్వా దీవిలో తాను సభ్యుడుగా ఉన్న క్లబ్బు పేరే ఈ గుర్రానికి పెట్టాడు. దాని అడుగు తీరు చూసి, అమెరికాలోని మట్టి బాటల మీద కంటే ఇంగ్లండులో పచ్చిక మీదే బాగా పరుగెత్తుతుందని తేల్చి, యేడాది పిల్లగా ఉన్నప్పుడే ఓడ దాటించారు. మనలాగే చదువు కోసం ఇటు వచ్చినవాడే అనుకోండి!

దాన్ని అప్పగించింది హాంప్‌షైర్‌లోని కింగ్స్‌క్లియర్ గ్రామంలో ఉన్న ఇయాన్ బాల్డింగ్ అనే శిక్షకుడికి. అప్పటికి ఆయన వయసు ముప్ఫై దాటి ఎంతో కాలం కాలేదు. సున్నపురాతి దిబ్బలు, వాటి మీద పొట్టి పచ్చిక, వందేళ్ళుగా గుర్రాలు దౌడు తీసిన నేల. రిచర్డ్ ఆడమ్స్ రాసిన కుందేళ్ళ నవల 'వాటర్‌షిప్ డౌన్' మన పిల్లల్లో చాలామంది బళ్ళో చదివే ఉంటారు. ఆ దిబ్బ ఈ ఊరి పక్కదే. ఆ నవల అచ్చయింది కూడా నేను చెప్పబోయే 1972లోనే.

మిల్ రీఫ్ పెద్ద గుర్రం కాదు. గుర్రాల ఎత్తును ఇక్కడ చేతుల్లో కొలుస్తారు, చెయ్యి అంటే 4 అంగుళాలు. మిల్ రీఫ్ ఎత్తు 15 చేతుల 2 అంగుళాలు, అంటే భుజం దగ్గర 62 అంగుళాలు. పందెపు గుర్రాల్లో ఇది పొట్టి కిందే లెక్క. కాని చూసినవాళ్ళంతా చెప్పేది దాని నడక తీరు గురించి, దాని నెమ్మది గురించి. ఆ నెమ్మదితనమే తరవాత దాని ప్రాణం కాపాడిందని నా అభిప్రాయం. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

1970లో రెండేళ్ళ పిల్లగా 6 పందాలు పరుగెత్తి 5 గెలిచింది. ఫ్రాన్సులో ఒక్కసారి మై స్వాలో అనే గుర్రం చేతిలో తల పొడుగైనా లేని తేడాతో ఓడింది. యార్క్‌లో బురద నేల మీద 10 గుర్రాల నిడివి తేడాతో గెలిచింది. 1971లో మొదటి పెద్ద పందెం మైలు దూరపు 2000 గినీస్. అందులో బ్రిగేడియర్ జెరార్డ్ అనే గుర్రం 3 నిడివుల తేడాతో దీన్ని ఓడించింది. ఆ పేరు గుర్తుంచుకోండి. ఆ తరవాత మిల్ రీఫ్ ఓటమి అన్నది ఎరగదు. జూన్‌లో ఎప్సమ్‌లో డెర్బీ, జులైలో సాండౌన్‌లో ఎక్లిప్స్, అదే నెలలో ఆస్కాట్‌లో కింగ్ జార్జ్ పందెం 6 నిడివుల తేడాతో, అక్టోబరులో పారిస్ లాంగ్‌షాంలో ఆర్క్ పందెం. ఆ నాలుగూ ఒకే యేడు గెలిచిన మొదటి గుర్రం ఇదే. ఆర్క్‌ను ఇంగ్లండులో శిక్షణ పొందిన గుర్రం గెలవడం 1948లో మిగోలీ తరవాత మళ్ళీ ఇదే. జాకీ జెఫ్ లూయిస్. ఆ వేసవిలో ఆయన పేరు తెలియని ఇల్లు లేదంటారు.

మూడేళ్ళ వయసులో ఇంత గెలిచిన గుర్రాన్ని మామూలుగా పందాల నుంచి విరమింపజేసి సంతానం కోసం ఉంచుతారు. ఆదాయం అందులోనే ఎక్కువ, ప్రమాదం తక్కువ. పాల్ మెలన్ మాత్రం నాలుగో యేడు కూడా పరుగెత్తిస్తానన్నాడు. కారణాలు రెండు. వరసగా రెండేళ్ళు ఆర్క్ గెలవడం 1955, 1956లలో రిబోట్ తరవాత ఎవరికీ సాధ్యపడలేదు. ఇక రెండోది, దేశమంతా ఎదురుచూస్తున్నది, బ్రిగేడియర్ జెరార్డ్‌తో మళ్ళీ తలపడటం. దాన్ని కూడా దాని యజమాని జాన్ హిస్లాప్ నాలుగో యేడు విరమింపజేయలేదు. ఒకదాన్నొకటి ఒక్కసారే ఎదుర్కొన్న రెండు మహా గుర్రాలు మైలుంపావు దూరంలో మళ్ళీ కలుసుకుంటే ఎలా ఉంటుంది? 1972 జులైలో ఎక్లిప్స్ పందెంలో అది జరుగుతుందని అందరూ అనుకున్నారు.

వసంతంలో మొదలు అద్భుతంగానే ఉంది. లాంగ్‌షాంలో ప్రి గనే పందెం 10 నిడివుల తేడాతో గెలిచింది. అంతకు మించి ఒక గుర్రం పరుగెత్తలేదు అన్నారు చూసినవాళ్ళు. తరవాత జూన్‌లో ఎప్సమ్‌లో కోరొనేషన్ కప్. సులభంగా గెలవాల్సిన పందెం. హోమెరిక్ అనే గుర్రం మీద గెలిచిందిగాని, మెడ పొడుగు తేడాతో మాత్రమే, కష్టపడి. గెలుపు గెలుపే గదా అనుకోవచ్చు. కాని ఏప్రిల్‌లో 10 నిడివులు, జూన్‌లో ఒక మెడ. రోగి చెప్పకుండా రోగం చెప్పే గుర్తు ఇది. తరవాత బయటపడింది, దానికి వైరస్ సోకి ఉంది.

ఇక్కడ కొంచెం ఆగి వైద్యం మాట్లాడతాను. ఇది విసుగైనవాళ్ళు రెండు పేరాలు దాటవేయండి.

మనిషి ముక్కుతోనూ నోటితోనూ గాలి పీలుస్తాడు. గుర్రానికి ముక్కే గతి, నోటితో పీల్చలేదు. పైగా దౌడు తీసేటప్పుడు ఒక అంగకి ఒక శ్వాస. ముందుకాళ్ళు నేలను తాకినప్పుడు గాలి బయటికి, శరీరం ముందుకి సాగినప్పుడు లోపలికి. మనం పరుగెత్తుతూ ఆయాసం వస్తే రెండు ఊపిర్లు ఎక్కువ పీల్చుకుంటాం. గుర్రానికి ఆ వెసులుబాటు లేదు. పూర్తి వేగంలో నిమిషానికి వెయ్యి లీటర్లకు పైగా గాలి లోపలికీ బయటికీ ఆడాలి. గుండె విశ్రాంతిలో నిమిషానికి 30 నుంచి 40 సార్లు కొట్టుకునేది, పందెంలో 220 దాటుతుంది. ప్లీహం ముడుచుకుని, దాచి ఉంచిన ఎర్రకణాలను ఒక్కసారి రక్తంలోకి వదులుతుంది. ప్రకృతి ఇంత పెద్ద యంత్రాన్ని అతి సన్నని గాలిదారి మీద ఆధారపడేటట్టు పెట్టింది. ఆ దారిలో ఇంత వాపు వచ్చినా, గొట్టాలను ఊడ్చే నూగు పాడైనా, సాలలో నిలబడి ఉన్నప్పుడు ఏమీ కనిపించదు. తిండి తింటుంది, కళ్ళు కాంతిగానే ఉంటాయి, జ్వరం ఒకటి రెండు రోజులు వచ్చి పోతుంది. మైలు దాటాక చివరి రెండు ఫర్లాంగుల్లో మాత్రం బయటపడుతుంది, ఆ మెడ తేడాలో బయటపడినట్టు.

వైరస్ దెబ్బతీసిన శ్వాసనాళం పొర తిరిగి కట్టుకోవడానికి కనీసం మూడు వారాలు కావాలి. జ్వరం ఉన్న ఒక్కో రోజుకి ఒక్కో వారం విశ్రాంతి అని గుర్రపు డాక్టర్లకి ఒక మోటు లెక్క ఉంది. ఇందులో కష్టం ఏమిటంటే రోగి తనకు ఎలా ఉందో చెప్పలేడు, పైగా పరుగెత్తమంటే పరుగెత్తుతాడు. మంచి గుర్రం తన బాధను దాచి పరుగెత్తుతుంది. నా ఉద్యోగంలో జ్వరం ఉందని చెప్పకుండా ఆపరేషనుకి వచ్చే మనుషులు కనిపిస్తూనే ఉంటారు, తేదీ పోతుందని వాళ్ళ భయం. గుర్రానికి ఆ భయం లేదు. ఆ భయం దాని చుట్టూ ఉన్నవాళ్ళది. పందాలకు తేదీలున్నాయి, వైరస్‌కు కేలండరు లేదు.

ఎక్లిప్స్ వచ్చింది, మిల్ రీఫ్ రాలేదు. జులై 8న బ్రిగేడియర్ జెరార్డ్ ఒక్కటే బురదలో పరుగెత్తి గెలిచింది. అదే నెల కింగ్ జార్జ్ కూడా. అక్కడా మిల్ రీఫ్ లేదు. ఆగస్టు 15న యార్క్‌లో కొత్తగా పెట్టిన పెద్ద పందెం ఉంది, అక్కడైనా కలుస్తాయేమో అని జనం ఆశ. అక్కడికీ మిల్ రీఫ్ వెళ్ళలేకపోయింది. విచిత్రం చూడండి, ఆ పందెంలోనే బ్రిగేడియర్ జెరార్డ్ తన జీవితంలో ఒకే ఒక్కసారి ఓడిపోయింది. ఆ యేటి డెర్బీ విజేత రొబెర్టో, అమెరికా నుంచి వచ్చిన జాకీ బ్రాలియో బయేసా స్వారీలో, మొదటి నుంచి ముందే ఉండి 3 నిడివులతో ఓడించింది. 18 పందాల్లో 17 గెలిచిన గుర్రానికి అదొక్కటే మచ్చ.

ఇక్కడ నాకు రెండేళ్ళ ముందరి నిజిన్‌స్కీ గుర్తొస్తుంది. 1970లో ఇంగ్లండు త్రిపురస్కారాలు గెలిచిన గుర్రం, తరవాత ఇంతవరకు ఇంకేదీ ఆ మూడూ గెలవలేదు. ఆ ఆగస్టులో దానికి తామర పట్టింది. తామరంటే మనకి నవ్వులాట, పూతమందు రాసుకుని ఆఫీసుకి పోతాం. గుర్రానికి ఒళ్ళంతా వెంట్రుకలు ఊడి, జీను వేస్తే పుండ్లు పడే పరిస్థితి. జీను లేనిదే సాధన లేదు. తగ్గీ తగ్గకుండానే సెప్టెంబరులో సెయింట్ లెజర్ పరుగెత్తి గెలిచింది, త్రిపురస్కారం దక్కింది. కాని అక్టోబరులో ఆర్క్ పందెంలో సస్సాఫ్రాస్ చేతిలో తల తేడాతో ఓడిపోయింది. ఆ తరవాత కొన్నాళ్ళకే న్యూమార్కెట్టులో మరోసారి. దాని శిక్షకుడు విన్సెంట్ ఓబ్రయన్ లాంటి నిపుణుడు ఈ లోకంలో తక్కువ. ఆయనకే ఇలా జరిగిందంటే మిగతావాళ్ళ మాటేమిటి? సుస్తీ తగ్గింది అనడానికీ, మళ్ళీ పూర్వపు సత్తువ వచ్చింది అనడానికీ మధ్య దూరం కంటికి కనపడదు.

మిల్ రీఫ్ ఆగస్టుకల్లా కోలుకుంటూ ఉంది. అక్టోబరు మొదట్లో ఆర్క్. దానికోసం మళ్ళీ దౌడు మొదలుపెట్టారు. ఆగస్టు 30న, మామూలుగా రోజూ తీసే ఉదయపు సాధనలో, దాని ఎడమ ముందుకాలు విరిగింది. రాయి తగల్లేదు, గోతిలో పడలేదు. చదునైన పచ్చిక మీద పరుగెత్తుతూ ఉండగా విరిగింది.

గుర్రపు కాలు గురించి ఒక మాట. ముందుకాలికి మధ్యలో మనం మోకాలు అనుకునేది నిజానికి మన మణికట్టుతో సమానం. దాని కింద ఉన్న పొడుగాటి ఎముక మన అరచేతిలో మధ్యవేలి ఎముక. ఆ కిందది వేలు, చివరి గిట్ట ఆ వేలి గోరు. అంటే 450 నుంచి 500 కిలోల జంతువు గంటకి 40 మైళ్ళ వేగంతో నాలుగు మధ్యవేళ్ళ గోళ్ళ మీద పరుగెత్తుతోందన్నమాట. మణికట్టు కింద కండ లేదు, చర్మం, నరాలు, ఎముక మాత్రమే. మడమలాంటి ఆ కీలు వెనక రెండు చిన్న ఎముకలు కప్పీల్లా ఉండి స్నాయువుల్ని పట్టి ఉంచుతాయి. దౌడులో ఒక్కో అడుగుకీ ఆ కాలు మోసే బరువు గుర్రం బరువుకి రెండింతలు దాటుతుంది. మిల్ రీఫ్‌కి దెబ్బతిన్నది సరిగ్గా ఈ ప్రాంతమే, పెద్ద ఎముక కింది కొస, ఆ చిన్న ఎముకా.

ఎందుకు విరిగింది? ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఎముక బతికున్న పదార్థం. పని పెరిగితే గట్టిపడుతుంది, సన్నసన్న చీలికలు వస్తే పాత భాగాన్ని తినేసే కణాలు ముందు వచ్చి గుంతలు తవ్వుతాయి, తరవాత కట్టే కణాలు వచ్చి పూడుస్తాయి. ఈ తవ్వకానికీ పూడికకీ మధ్య కొన్ని వారాల ఎడం ఉంటుంది. విశ్రాంతిలో తవ్వకం జోరందుకుంటుంది. సరిగ్గా ఆ గుంతలు పూడకముందే మళ్ళీ పూర్తి వేగం పెడితే ప్రమాదం. 1990లలో కాలిఫోర్నియా పందెపు గుర్రాల మీద జరిగిన పరిశోధనల్లో, రెండు నెలలో అంతకు మించో విశ్రాంతి తీసుకుని తిరిగి సాధనకి వచ్చిన కొత్తలో భుజం కింది ఎముక విరగడం ఎక్కువ అని తేలింది. సైన్యంలో చేరిన కొత్త కుర్రవాళ్ళకి పాదపు ఎముకలు విరగడం కూడా ఈ కోవలోదే. మిల్ రీఫ్ విషయంలో విరిగిన ఎముక వేరు, ఎవరూ ముందు తర్వాత పోల్చి కొలిచినది లేదు. కనక వైరస్ వల్ల విశ్రాంతి, విశ్రాంతి వల్ల ఎముక బలహీనత, తొందర వల్ల విరుగుడు అని గొలుసు కట్టి తీర్పు చెప్పను. కాని ఊపిరితిత్తుల్లో మొదలైన సుస్తీ కాలిలో తేలడం అసంభవం ఏమీ కాదు. 1972లో ఆ సంగతి కింగ్స్‌క్లియర్‌లో ఎవరికీ తెలిసే వీలు లేదు. తప్పు పట్టడానికి ఎవరూ కనిపించరు, అదే ఇందులో బాధ.

కాలు విరిగిన గుర్రాన్ని అప్పట్లో ఏం చేసేవారో అందరికీ తెలుసు. ఒక తెర అడ్డం పెట్టి, ఒక్క తూటా. అది క్రూరత్వం అనుకుంటారు మనవాళ్ళు. కాదు, చాలామటుకు దయే. మనిషికి కాలు విరిగితే మంచంలో పడుకోబెట్టి నెలలు గడిపిస్తాం. గుర్రం అలా పడుకోలేదు. నిలబడే జంతువు. బాగున్న కాలు రెట్టింపు బరువు మోయాలి. గిట్ట లోపలికి రక్తం ఆడేది అడుగు ఎత్తీ దించీ ఉంటేనే. అదే కాలు మీద రోజుల తరబడి కదలకుండా నిలబడితే గిట్టకీ లోపలి ఎముకకీ మధ్య ఉన్న పొరలు చచ్చి, గోరు ఊడినట్టు ఎముక కిందికి జారుతుంది. గిట్టవాపు అంటారు మన పశువైద్యులు. విరిగిన కాలు నయమవుతూండగా బాగున్న కాలు చంపుతుంది. ఈ లోకంలో ఇంతకన్న అన్యాయమైన జబ్బు నేను చదవలేదు.

అయినా మిల్ రీఫ్‌ను చంపలేదు. ఇక్కడ నిజం నిజంగా చెప్పుకోవాలి. అది డెర్బీ, ఆర్క్ గెలిచిన మగగుర్రం. బతికితే చాలు, మూడు కాళ్ళ మీద నిలబడగలిగినా చాలు, దాని సంతానానికి ఉన్న విలువ లెక్కకి అందదు. పరుగు రాని ఏ పేరులేని గుర్రానికో అదే పొద్దున అదే చోట అదే ఎముక విరిగితే దానికోసం శస్త్రవైద్యుణ్ణి పిలిచేవారు కాదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మన సామెత. ఇక్కడ దాణా దొరకాలంటే ముందు వంశం ఉండాలి. మనుషుల ఆస్పత్రుల్లో పని చేసేవాళ్ళకి ఈ లెక్క బొత్తిగా పరాయిది అని నేను చెప్పలేను. అలాగని పాల్ మెలన్ కేవలం లెక్క చూశాడని అనడం కూడా అన్యాయమే. అంత ఐశ్వర్యం ఉన్నవాడికి ఒక గుర్రపు ఆదాయం ఎంత? ఆ గుర్రం మీద ఆయనకున్న ప్రేమ ఆయన తరవాత రాసుకున్న మాటల్లో, చేసిన పనుల్లో తెలుస్తుంది. రెండూ కలిశాయి, గుర్రం బతికింది.

ఎడ్విన్ జేమ్స్ రాబర్ట్స్ అనే పశు శస్త్రవైద్యుడు కింగ్స్‌క్లియర్‌కే వచ్చాడు. గుర్రాన్ని ఎక్కడికీ తీసుకుపోకుండా అక్కడే తాత్కాలికంగా ఆపరేషను గది అమర్చారు. గంటల తరబడి పని చేసి ఎముకను ఉక్కుతో బిగించి, పైన పిండికట్టు వేశారు.

నా వృత్తి మత్తు ఇవ్వడం గనక నాకు అన్నిటికన్న భయం వేసే ఘట్టం ఆపరేషను కాదు, మెలకువ. ఇవాళ ఆరోగ్యంగా ఉన్న మనిషికి మత్తిస్తే దానివల్ల చనిపోయే అవకాశం లక్షకి ఒకటి చుట్టూ ఉంటుంది. గుర్రానికి ఇవాళ కూడా సుమారు నూటికి ఒకటి. 1972 సంగతి ఊహించుకోండి. పక్కకి పడుకోబెడితే దాని బరువే దాని ఊపిరితిత్తుల్ని, కండరాల్ని నలుపుతుంది. తీరా మెలకువ వచ్చేటప్పుడు, పులి తరుముకొస్తుందన్న పూర్వజన్మ భయంతో గుర్రం ఒక్క ఉదుటున లేవబోతుంది. కాళ్ళు ఇంకా స్వాధీనంలో ఉండవు. బిగించిన ఎముక అప్పుడే మళ్ళీ ముక్కలవుతుంది.

మూడేళ్ళ తరవాత న్యూయార్క్‌లో జరిగింది అదే. రఫియన్ అని ఒక ఆడగుర్రం, 10 పందాల్లో 10 గెలిచినది. 1975 జులై 6న కెంటకీ డెర్బీ విజేతతో జంట పందెంలో కాలు విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది. మెలకువ వచ్చేసరికి, పడుకుని ఉండగానే పందెం ఇంకా సాగుతున్నట్టు కాళ్ళు విదిలించి కట్టును బద్దలుకొట్టుకుంది. తెల్లవారకముందే చంపవలసివచ్చింది. ఆ తరవాతి కాలంలో పెన్సిల్వేనియాలో గుర్రాన్ని రబ్బరు తెప్పలో వేసి నీటికొలనులో తేలుతూ ఉండగా మెలకువ రప్పించే పద్ధతి వచ్చింది. కాళ్ళు ఎంత విదిలించినా నీళ్ళే తగులుతాయి. 2006లో బార్బరో అనే కెంటకీ డెర్బీ విజేతకు 27 స్క్రూలతో ఎముకను బిగించి అలాగే లేపారు. ఎముక నయమవుతూ వచ్చింది కూడా. కాని జులైలో రెండో వెనక కాలికి ఆ గిట్టవాపు వచ్చింది. ఎనిమిది నెలల పోరాటం తరవాత 2007 జనవరి 29న దాన్ని చంపక తప్పలేదు. మిల్ రీఫ్ తరవాత 34 యేళ్ళకి, అంత విజ్ఞానం పెరిగాక జరిగిన మాట ఇది.

మరి మిల్ రీఫ్ ఎలా బతికింది? వైద్యుడి నేర్పు ఒకటి, అదృష్టం ఒకటి. మూడోది నేను మొదట్లో చెప్పిన నెమ్మది. మెలకువ వచ్చినప్పుడు అది కొట్టుకోలేదు. కాలికి అంత బరువు కట్టు వేసి నిలబెడితే నిలబడింది, పడుకోవాలనిపిస్తే జాగ్రత్తగా పడుకుంది, లేచింది. దాని సైసు జాన్ హాలమ్ దగ్గరే ఉన్నాడు. రోజూ మేత పెట్టినవాడి గొంతు, రోజూ ఒళ్ళు తోమినవాడి చెయ్యి మత్తుమందుకి తీసిపోవని ఆ నెలల్లో రుజువైంది. విరాటుడి కొలువులో దామగ్రంథి పేరుతో గుర్రాలు చూసిన నకులుడు మనకి భారతంలో పక్కన నిలబడే పాత్ర. గుర్రాల చరిత్ర రాస్తే ముందు వరసలో ఉండాల్సింది ఆ పని చేసినవాళ్ళే. ఈ కాలు కథను ఒక చిత్రంగా తీశారు, 'సమ్‌థింగ్ టు బ్రైటెన్ ది మార్నింగ్' అని. వ్యాఖ్యానం నటుడు ఆల్బర్ట్ ఫిన్నీది. దొరికితే పిల్లలతో కలిసి చూడండి. కుంటుతూ మొదటి అడుగులు వేసే ఆ గుర్రాన్ని చూశాక పందాలంటే ఏవగించుకునే మా అమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది.

ఆ అక్టోబరులో ఆర్క్ పందెం శాన్ శాన్ అనే ఆడగుర్రం గెలిచింది. బ్రిగేడియర్ జెరార్డ్ ఆఖరి పందెం గెలిచి విరమించింది. ఆ రెంటి పోటీ తేలలేదు, ఇప్పటికీ ముసలివాళ్ళు పబ్బుల్లో దాని మీద వాదించుకుంటారు. మైలు దూరానికి బ్రిగేడియర్, మైలున్నరకి మిల్ రీఫ్ అన్నది నా మాట. మైలుంపావుకి మాత్రం జవాబు ఆ వైరస్‌తోనే పోయింది.

1973 నుంచి మిల్ రీఫ్‌ను న్యూమార్కెట్టులోని నేషనల్ స్టడ్‌లో ఉంచారు. 14 పందాలు, 12 గెలుపులు, మిగతా రెంటిలో రెండో స్థానం, ఇదీ దాని మొత్తం లెక్క. 1978లో దాని కొడుకు షర్లీ హైట్స్ ఇంగ్లండు డెర్బీ గెలిచింది, అదే యేడు మరో కొడుకు అకమాస్ ఫ్రెంచి డెర్బీ గెలిచింది. షర్లీ హైట్స్ కొడుకు స్లిప్ యాంకర్ 1985లో డెర్బీ గెలిచింది. 1987లో రిఫరెన్స్ పాయింట్ గెలిచేనాటికి తండ్రి లేడు. పాల్ మెలన్ 1993లో సీ హీరో అనే గుర్రంతో కెంటకీ డెర్బీ కూడా గెలిచి, ఆ పందెం, ఎప్సమ్ డెర్బీ, ఆర్క్ మూడూ గెలిచిన మొదటి యజమాని అయ్యాడు. 1999లో పోయాడు. ఇయాన్ బాల్డింగ్ 2003లో కింగ్స్‌క్లియర్ సాలను కొడుకు ఆండ్రూకి అప్పగించాడు. కూతురు క్లేర్‌ను మనమంతా టెలివిజనులో చూస్తూనే ఉంటాం. ఆమె పసిపిల్లగా మిల్ రీఫ్ వీపు మీద కూర్చున్న ఫొటో ఒకటి ఉంది.

ఆ ఉక్కు బిగించిన కాలు మీద మిల్ రీఫ్ మరి 13 యేళ్ళు నిలబడింది. చివరికి పోయింది కాలు వల్ల కాదు. 1986 ఫిబ్రవరిలో గుండె బలహీనపడితే బాధ లేకుండా చంపి, నేషనల్ స్టడ్‌లోనే పూడ్చిపెట్టారు. న్యూమార్కెట్టు వైపు వెళ్ళినప్పుడు అక్కడ దాని కంచు విగ్రహం చూడవచ్చు. పిల్లల్ని తీసుకువెళితే ఆ ఎడమ ముందుకాలు దగ్గర కొంచెం ఆగి చూపించండి.